చేతిలో రాగితీగ

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట మొన్న రాశాను. ఆఫీసులో ఇచ్చిన మరణం కాగితం మీద, మొదటి గీతలో, అక్షరానికి అక్షరం తగలకుండా విడివిడిగా రాశాను. ఆమెకు పిల్లలు లేరు. అన్నదమ్ములు లేరు. పనికి రాలేదేమని పొద్దున వెళ్లి చూస్తే, తన ఇంటి గడప మీద తల పెట్టి పడుకున్నట్టే ఉంది. మా ఈడు ఆడవాళ్లలో కలం పట్టేది వాడ మొత్తంలో నేనొక్కదాన్నే. అందుకని ఆ కాగితం నా చేతికి వచ్చింది.

పేరు రాశాను. వయసు అందాజుగా వేశాను. మూడో గీత దగ్గర కలం ఆగింది. భర్త పేరు.

బల్ల అవతల గుమాస్తా వేరే కాగితం చూసుకుంటూనే అడిగాడు.

"ఏమ్మా, ఆయన ఉన్నడా, లేడా?"

నేను కలం మూత పెట్టాను.

"లేకుంటె పేరు ముందట కీర్తిశేషులు అని పెట్టాలె. అంత పొడుగు రాయరాకుంటె కీ.శే. అని పెట్టు. రెండక్షరాలు. అయిపాయె."

"జర కూసుంట సార్," అని కాగితం తీసుకుని గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాను. ఆ రెండక్షరాలు రాయడం నాకు వచ్చు. రాకనే ఉంటే బాగుండేది.

ఆమె నాకు వనపర్తి పల్లికాయ మిల్లులో పరిచయం. గింజలు ఏరే పనికి మా వాడ నుంచి ఆడవాళ్లం గుంపుగా పోయేవాళ్లం. నాకంటే పదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పిల్లా అనేది. నాకు ఇద్దరు పిల్లలు పుట్టిన తర్వాత కూడా పిల్లా అనే అనేది.

పుచ్చు గింజ దొరికితే మేమైతే చూడకుండానే పక్కకు విసిరేవాళ్లం. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి తిప్పి చూసేది. "దీనికి బతుకు లేదు," అని పక్కన వేసేది. కాసేపటికి అదే గింజను మళ్లీ వెతికి తీసి మంచి కుప్పలో వేసేది.

"సేటు చూస్తె తిడ్తడక్కా."

"సగం మంచిగుంది గదనే. సగం మంచిగున్నదాన్ని ఎట్ల పారేయాలె?"

ఎవరింటికి వెళ్లినా చాప మీద కూర్చోదు, మంచం మీద కూర్చోదు. గడప మీదనే. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. మా ఆయన అదే మిల్లులో హమాలీ. ఆమెను వదినె అని ఆట పట్టించేవాడు.

"గడప మీద కూసుంటె దరిద్రం వదినె."

"ఉన్నదాని మీద ఇంకెంత వస్తది మరిదీ? రానీ."

భర్త పేరు ఆమె నోట ఏనాడూ వినలేదు. మా దిక్కు పాత ఆడవాళ్లు ఎవరూ చెప్పరు. కానీ ఈమెది మరీ పట్టుదల. రేషన్ షాపులో అడిగినా, జనం లెక్కకు వచ్చినవాళ్లు అడిగినా, పక్కనున్న వాళ్లను మోచేత్తో పొడిచి చెప్పించేది. "పేరు పిలిస్తె మనిషి ఆయుస్సు తగ్గుతది," అనేది. ఆయన లేకుండా పోయాక ఆ పట్టుదల ఇంకా గట్టిపడింది.

ఆయన మట్టిపని చేసేవాడు. ఘణపూర్ దిక్కు మేస్త్రి ఒకాయన ఏటా గుంపును కట్టుకుని దూరదేశం కాలువ పనులకు తీసుకుపోయేవాడు. ఆ ఏడు ఈమె పోలేదు. అత్తకు పక్షవాతం వచ్చి మంచం మీద ఉంది. ఆయన ఒక్కడే పోయాడు. పీర్ల పండుగకు గుంపంతా తిరిగి వచ్చింది. ఆయన రాలేదు.

మేస్త్రి చెప్పింది ఒక్కటే మాట. "నడిమిట్ల ఇంకో గుంపుల కలిసిండు. నాకేం తెల్వదు." గుంపులో పోయినవాళ్లు కూడా ఆ మాటే చెప్పారు. అందరూ ఒక్కటే మాట, ఒక్కటే తీరుగా చెప్పారు. అత్త ఆ ఏడే పోయింది. తర్వాత రెండేళ్లు ఈమె బస్సు దిగిన ప్రతి మనిషి వీపూ చూసింది.

అప్పుడు మా వాడ గుట్ట కింద విసిరేసినట్టు ఉండేది. కేబులు తీగ ఊరి నడిమి వరకే వచ్చి ఆగిపోయింది. మా ఆయన ఒక పాత కలర్ టీవీ తెచ్చి, కప్పు మీద ఇనుప పైపుకు యాంటెన్నా కట్టాడు. సర్కారు చానల్ ఒక్కటే వచ్చేది. వచ్చేది అనడం కూడా పెద్ద మాట. తెర నిండా తవుడు చల్లినట్టు ఉండేది. ఆ తవుడు వెనక మనుషులు మసక మసకగా కదిలేవాళ్లు. రంగు ఒక నిమిషం ఉంటే పది నిమిషాలు ఉండేది కాదు.

ఒక రోజు పొద్దుగూకినాక వార్తలు వస్తున్నాయి. ఏదో కాలువ గురించి చెప్తున్నారు. కట్ట మీద కూలీలు వరసగా తట్టలు మోస్తున్నారు. ఒక ఆడమనిషి ఒక మగమనిషి తల మీదికి తట్ట ఎత్తింది. ఆయన రెండడుగులు వేసి, ఎడమ చేత్తో నుదురు తుడుచుకుని, ఇటు తిరిగి చూశాడు. అంతే. మళ్లీ వార్తలు చదివే ఆమె వచ్చింది.

గడప మీద కూర్చున్న అక్క లేచి నిలబడింది. చేతిలో చాయ్ గ్లాసు వంగి చీర మీద పోయింది. ఆమె చూసుకోలేదు.

"ఆయనే," అంది.

"ఎవరు?"

"ఎవరేంది పిల్లా. ఆయనే. ఎడమ చెయ్యి చూడలే? ఎడమ భుజం వంగి ఉండలే?"

నాకు తవుడు తప్ప ఏమీ కనబడలేదు. కానీ అన్నేళ్లకు ఆమె ముఖంలో రక్తం చూశాను. "అవునక్కా, ఆయన తీర్గనే ఉండె," అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

అప్పట్లో ప్రాజెక్టుల వార్త లేని రోజు లేదు. కాలువ మాట వచ్చినప్పుడల్లా ఆ కట్ట, ఆ వరస, ఆ మనిషి వచ్చేవాళ్లు. రెండు రోజులకో, మూడు రోజులకో ఒకసారి. ఆమె వార్తల వేళకు పని ముగించుకుని వచ్చేసేది. బొమ్మ రాకపోతే ఆమెకు ఊపిరి ఆడేది కాదు. ఒక రోజు గాలికి యాంటెన్నా తిరిగిపోయింది. మా ఆయన కప్పెక్కి పైపు తిప్పుతున్నాడు.

"వచ్చిందా?"

"రాలే!"

"ఇప్పుడు?"

"ఉన్నది గూడ పాయె!"

ఆమె తట్టుకోలేక తనే నిచ్చెన ఎక్కి పైపు పట్టుకుంది. తెర మీది తవుడు ఎవరో ఊదినట్టు సగం లేచిపోయింది. రంగు కూడా వచ్చింది. "ఇడువు వదినె, ఆడనే ఉండనీ," అన్నాడు మా ఆయన. ఆమె విడిచింది. బొమ్మ పోయింది. పట్టుకుంది. వచ్చింది.

ఆ రోజు కాలువ వార్త వచ్చేసరికి ఆమె కప్పు మీదనే ఉంది. నేను కింద నుంచి అరిచి చెప్పాను. "నడుస్తుండక్కా! నుదురు తుడుసుకుంటుండు!" పైనుంచి ఆమె అడుగుతోంది. "అంగీ ఏ రంగు? బక్కగయిండా?" పట్టుకుంటే తను చూడలేదు. చూడటానికి వస్తే ఆయన ఉండడు.

రెండో రోజు ఎక్కడి నుంచో రాగితీగ తెచ్చింది. ఒక కొస పైపుకు చుట్టి, గోడ మీదుగా కిందికి విడిచి, రెండో కొస తన మణికట్టుకు చుట్టుకుని గడప మీద కూర్చుంది. బొమ్మ నిలబడింది. మా ఆయన పడీ పడీ నవ్వాడు. "ఇగ నువ్వే మా యాంటెన్నావు వదినె." ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వితే పై పన్ను ఒకటి లేదని తెలిసేది.

అట్లా మూడేళ్లు. ఆమె చేతికి తీగ చుట్టుకునేది. మేం వార్తలు చూసేవాళ్లం. ఆయన వచ్చినప్పుడు ఆమె తెరతో మాట్లాడేది.

"మళ్ల అదే అంగీ. మారు అంగీ ఇచ్చేటోళ్లే లేరా?"

"ఓ అమ్మా, తట్ట అంత నింపకు. ఆయనకు భుజం నొప్పుంది."

ఆ తట్ట ఎత్తే ఆడమనిషి మీద ఆమెకు గుర్రు. "ఇయ్యాల గూడ ఈమెనే ఎత్తింది. అంతమంది ఉన్నరు, రోజూ ఈమెనే ఎందుకు ఎత్తాలె?"

"మనువు చేసుకున్నడేమో వదినె," అన్నాడు ఒకసారి మా ఆయన.

నేను ఆయనను కోపంగా చూశాను. ఆమె పోయేటప్పుడు తీగ విప్పుకుంటూ అంది. "చేసుకోనీ మరిదీ. బువ్వ పెట్టేటోళ్లు ఉండాలె గద."

వార్తలు అయిపోయాక రోజూ అనే మాట ఒకటి ఉండేది. ఆయన కనబడిన రోజున లేచి చీర దులుపుకుని, "ఇయ్యాల గూడ పనిల ఉన్నడు," అని వెళ్లిపోయేది. ఆ మాటతో రాత్రి నిద్రపోయేది. వాడలో ఆడవాళ్లు "ఇంకెన్నేండ్లు సూస్తవు, బొట్టు తీసెయ్యరాదు," అంటే, వాళ్ల ముఖం మీదనే, "మొన్న వార్తలల్ల సూసిన. పనిల ఉన్నడు," అనేది. మేస్త్రి కూడా ఎదురుపడితే అదే అనేవాడు. "నేను చెప్పలేదా, ఇంకో గుంపుల కలిసిండని? చూసినవ్ గద." ఆ బొమ్మ ఆమెకు ఎంత ఆసరాగా ఉండేదో మేస్త్రికి కూడా అంతే ఆసరాగా ఉండేదని నాకు తర్వాత అర్థమైంది.

ఒక వానాకాలం సాయంత్రం ఉరుములతో వాన పట్టింది. గుట్ట మీద మెరుపు మెరిసినప్పుడల్లా తెర తెల్లగా అయ్యేది. ఆమె తడిసిన చీరతో గడప మీద కూర్చుని ఉంది. తీగ మణికట్టుకే ఉంది.

"ఇడువక్కా! పైన ఇనుప పైపు, పిడుగు వడ్తది!"

"వడనీ."

"సచ్చిపోతవు!"

"కాలువ వార్త అన్నరు పిల్లా. ఇప్పుడిడిస్తె పోతడు."

నేను ఆమె చెయ్యి పట్టి తీగ లాగబోయాను. రెండో చేత్తో నన్ను తోసింది. ఎంత బలంగా తోసిందంటే నేను గోడకు తగిలాను. ఆయన వచ్చాడు, నుదురు తుడుచుకున్నాడు, పోయాడు. అప్పుడు తీగ తనే విప్పింది. "దెబ్బ తాకిందా పిల్లా?" అని నా వీపు రుద్దుతూ ఏడ్చింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ కట్ట ఏ ఊరిదో. ఊరు తెలిస్తే బస్సెక్కి పోతుంది. వార్తల్లో చెప్పే ఊరు రోజుకొకటి మారేది. మాకు అందులో ఏమీ తోచలేదు. పొద్దునొక ఊర్లో, మాపునొక ఊర్లో కూలీలకు పని ఉండదా అనుకున్నాం. కానీ తెర పై మూలన, ఆ బొమ్మ వచ్చినప్పుడు మాత్రమే, తెల్లని మరక ఒకటి కనబడేది. తవుడులో తవుడు లాగా. ఆమె దాన్ని పట్టేసింది.

"అది అక్షరాలు పిల్లా. ఊరి పేరు రాస్తరు ఆడ."

మాలో ఎవరికీ చదువు రాదు. మా ఆయనకు సంతకం వరకే. ఆ ఏడే మా వాడలో ఆడవాళ్లకు మధ్యాహ్నం బడి పెట్టారు. పంతులమ్మ ఇంటింటికీ వచ్చి బతిమాలినా నేను పోలేదు. ముప్పై దాటిన తర్వాత పలక పట్టుకుంటే నవ్వుతారని సిగ్గు. నన్ను బడికి తీసుకుపోయింది అక్కనే. చెయ్యి పట్టి లాక్కుపోయి కూర్చోబెట్టింది.

"నువ్వు గూడ నేర్చుకో మరి."

"నాకు కండ్లు ఆనయ్ పిల్లా. నువ్వు నేర్సుకో. నేను నీ వంతు గింజలు గూడ ఏరుత."

నిజంగానే ఏరింది. నేను బడిలో ఉన్న గంట సేపు నా కుప్ప ముందు కూడా తనే కూర్చునేది. సాయంత్రం అడిగేది. "ఎన్ని అక్షరాలాయె? ఊరి పేరు సదువొస్తదా ఇప్పుడు?" గుణింతాలు అయ్యాయి. ఒత్తుల దగ్గర నేను ఏడ్చాను. ఆమె ఊరుకోలేదు. "బస్సు బోర్డు సదువు," అని అడ్డా మీద నిలబెట్టేది. నేను కూడబలుక్కుని చదివేలోపు బస్సు పోయేది. "ఇంకోటొస్తది. దాన్ని సదువు."

అంతలో ఛత్రి వచ్చింది. డిష్షును మా దిక్కు ఛత్రి అంటారు. నెలనెలా కట్టే పని లేదు, గుట్టలు అడ్డం రావు, బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది అని మిల్లులో అందరూ చెప్తుంటే మా ఆయన తెస్తానన్నాడు. అక్క సంతోషం చెప్పలేను. కప్పు మీద దాన్ని నిలబెట్టడానికి దిమ్మె కట్టాలంటే, "మాలు నేను కలుపుత," అని సిమెంటు, ఇసుక తనే కలిపి, తనే మోసింది. మెకానిక్ ఛత్రిని అటూ ఇటూ జరుపుతూ బొమ్మ వెతుకుతున్నాడు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి చాపి దాని అంచు పట్టుకుంది.

"అమ్మా, చెయ్యి తియ్యి! ముట్టుకుంటె బొమ్మ పోతది!"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చేతిని కొంగులో చుట్టుకుంది. "అయితె ఇగ నాతోని పని లేదు," అంది నవ్వుతూ.

మూడో రోజు కాలువ వార్త వచ్చింది. నేను టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాను. అక్క గడప మీద ఉంది. చేతికి తీగ లేదు. ఖాళీ మణికట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఉంది. కట్ట వచ్చింది. ఎంత తేటగా వచ్చిందంటే మట్టిలో రాళ్లు కనబడ్డాయి. వెనక నుంచి ఆమె అరుపు వినబడింది.

"నా రైక ముక్క! పిల్లా, నా రైక ముక్క! అంగీ భుజం మీద అతుకు నేనే ఏసిన! ఎర్రపూల రైక! నేను చెప్పలే, ఆయనే! నేను చెప్పలే!"

మా ఆయన కూడా, "అవునే, అతుకుంది, పూలు కనవడ్తున్నయ్," అంటున్నాడు.

నేను చూడలేదు. నా కళ్లు మూలన ఉన్న అక్షరాల మీద ఉన్నాయి. అవి తెల్లగా, గుండ్రంగా, పలక మీద రాసినట్టు ఉన్నాయి. ఏడాది పాటు వాటి కోసమే నేర్చుకున్నాను. "పా," అన్నాను గట్టిగా. "త." ఒక్కొక్క అక్షరం పట్టు దొరికినకొద్దీ నా గొంతు పెరుగుతోంది. "చి." బొమ్మ మారిపోయింది. చివరి అక్షరం కంట్లో ఉండిపోయింది. కింద ఒత్తు ఉంది. పంతులమ్మ చెప్పింది గుర్తు తెచ్చుకున్నాను. "త్రం! పాత చిత్రం! చదివిన అక్కా! చదివిన!"

మా పంతులమ్మ మమ్మల్ని అట్లాగే చదివించేది. ముందు అక్షరాలు, తర్వాత మాట, ఆ తర్వాత అర్థం. నేను అక్షరాలు చదివి, మాట చదివి, అర్థం ఇంకా రాకముందే సంబరపడ్డాను. అర్థం మా ఆయన నోట్లోంచి వచ్చింది. ఆయన కూడా ఆలోచించి అనలేదు.

"పాత చిత్రమంటె... ఎన్నడో తీసింది తిప్పి తిప్పి ఏస్తున్నరన్నట్టు."

టీవీలో ఎవరో ఇంకేదో చెప్తున్నారు. నేను వెనక్కి తిరగడానికి భయపడ్డాను. తిరిగేసరికి ఆమె ముఖం మీద సంతోషం ఇంకా పోలేదు. పోవడం తెలియక అక్కడే నిలిచిపోయింది.

"అందుకేనా, రోజూ అదే అంగీ," అంది మెల్లగా. కాసేపటికి మళ్లీ అంది. "అందుకేనా, రోజూ ఆమెనే ఎత్తుతుండె."

ఆ రోజు లేచి చీర దులుపుకోలేదు. ఆ మాట అనలేదు.

రెండు రోజుల తర్వాత బొమ్మ మళ్లీ వచ్చింది. "సదువు," అంది. చదివాను. "మంచిగ సదువు. నువ్వు కొత్తగ నేర్సినవు. తప్పు సదివినవేమో." మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ చదివించింది. ప్రతిసారీ అవే నాలుగు అక్షరాలు. ప్రతిసారీ నేను ముందటికంటే జోరుగా చదివాను. చదువు అట్లాంటిది, ఆపుదామన్నా ఆగదు. చివరికి ఆమె ఒక్కటే అడిగింది.

"ఎంత పాతదో రాసిండ్రా?"

"అది రాయలే అక్కా."

మరునాడు నన్ను వెంటబెట్టుకుని ఘణపూర్ పోయింది. గుట్ట కింద మేస్త్రి ఇల్లు. ఆయన అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆమెను చూసి ముందే అన్నాడు. "ఏంది, చూస్తున్నవ్ గద టీవీల? మంచిగున్నడు గద?"

"అది పాతదంట."

ఆయన బీడీ నోట్లో పెట్టుకోలేదు, పారేయలేదు.

"ఎవరు చెప్పిండ్రు?"

"రాసుంది. ఈ పిల్ల సదివింది."

ఆయన నా దిక్కు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఆయన భుజం మీద అతుకుంది," అంది ఆమె. "నీతోని వచ్చే ముందట్రోజు ఏసిన. ఆ కట్ట నువ్వు తీస్కపోయిన కాడిదే. ఆ పని ఇంకా నడుస్తుందా?"

"ఏడ నడుస్తది? ఆ కాలువకు నీళ్లిడిసి రెండేండ్లాయె."

"నీళ్లిడిసిండ్రా?"

"నిండ పారుతుంది."

"ఆయన నిలవడ్డ జాగ?"

మేస్త్రి నేల చూశాడు. "అంత నీళ్లే," అన్నాడు. ఇంట్లోంచి ఆయన భార్య పిలిచింది. పిలవకపోయినా ఆయన లోపలికి పోయేవాడే.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బోర్డు కనబడిన ప్రతిచోటా "సదువు" అంటుందేమో అని నేను తల వంచుకున్నాను. వనపర్తి ఇంకా రాకముందు నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఆ నీళ్లు లోతుంటయా పిల్లా?"



మూడో రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. గడప మీద కూర్చోకుండా నిలబడే అడిగింది.

"మరిదీ, ఆ పాతది మళ్ల పెట్టు."

"ఏంది?"

"పాత యాంటెన్నా. ఛత్రి తీసెయ్యి. నేను తీగ పట్టుకుంట. రోజూ పట్టుకుంట, వార్తలకు, అన్నిటికి, మీరు ఎంతసేపు సూస్తె అంతసేపు పట్టుకుంట. అండ్ల అక్షరాలు లేకుండె మరిదీ."

మా ఆయన నా ముఖం చూశాడు. యాంటెన్నా లేదు. ఛత్రి పెట్టిన మరునాడే పాత ఇనుము వాడు వాడలోకి వస్తే, పైపుతో సహా వాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్నాము. అవి వంటింట్లో బుట్టలో ఇంకా ఉన్నాయి. ఆ మాట నేను చెప్పాను. ఆమె వంటింటి దిక్కు చూసింది. బుట్ట ఆమెకు కనబడుతూనే ఉంది.

"తీగ గూడ ఏసిండ్రా?"

తీగ వేయలేదు. గోడకు వేలాడుతూ ఉంది. ఆమె దాన్ని జాగ్రత్తగా లాగి, చుట్ట చుట్టి, చంకలో పెట్టుకుని పోయింది. తర్వాత అది ఆమె ఇంటి ముందు బట్టలు ఆరేసుకునే దండెం అయింది.

ఆ తర్వాత కూడా పనికి వచ్చింది. మాట్లాడింది. బొట్టు తీయలేదు. పుచ్చు గింజలను మాత్రం చూడకుండా విసరడం నేర్చుకుంది. మా ఇంటికి వస్తే గడప మీదనే కూర్చునేది. కానీ రెండు కాళ్లూ బయటే పెట్టుకుని, వీపు టీవీకి ఇచ్చి కూర్చునేది. లోపల వార్తలు వస్తుంటే ఒక్కొక్కసారి ఎడమ మణికట్టును తెలియకుండా రుద్దుకునేది. నేను చానల్ మార్చేసేదాన్ని. అప్పటికి చాలా చానళ్లు వచ్చేవి.

తెర మీద ఆయన ముఖం ఎట్లా ఉండేదో నాకు తెలియదు. తేటగా వచ్చిన ఆ మొదటి రోజు నేను అక్షరాలు చూశాను. తర్వాత వచ్చినప్పుడు కూడా, ఆమె "సదువు" అంది కాబట్టి, అక్షరాలే చూశాను.

"ఏమ్మా, అయ్యిందా?" అన్నాడు గుమాస్తా. బెంచీ మీది వాళ్లందరూ వెళ్లిపోయారు.

ఆమె రేషన్ కార్డు నా సంచిలో ఉంది. తీసి, అందులో ఉన్న ఆయన పేరు మొదటిసారి చదివాను. ఆమె ఒక్కసారి కూడా పలకని పేరు. మూడో గీతలో, ముందర ఖాళీ ఉంచకుండా, గీత మొదటి కొస నుంచే రాశాను. కాగితం ఇచ్చాను.

ఆయన చూశాడు. "మరి ఈయన బతికున్నట్టా? ఉంటె ఆయన సంతకం గావాలె. ఏడున్నడు?"

"పనిల ఉన్నడు సార్," అన్నాను.

"ఏ ఊర్ల?"

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. గుమాస్తా నా ముఖం చూసి, ఇంకేమీ అడగలేదు. మంచివాడే. జేబులోంచి కలం తీశాడు. పేరు ముందు జాగా లేదు కదా అనుకున్నాను. గీతకు ఇవతల, కాగితం అంచున, వేలెడంత తెలుపు ఉంది. అక్కడ రెండక్షరాలు, రెండు చుక్కలు పెట్టి, కాగితం నా వైపు తిప్పాడు.

"చదువుకో, అంత సరిగుందా?"

ఈసారి కూడబలుక్కోలేదు. చూడగానే చదివేశాను.